ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు: బ్రోషర్ పక్కన పెట్టి ఆసుపత్రిని చూడండి

మేస్టారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది ఒడిశా సరిహద్దులోని గుణుపురం. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పాసైంది, నీట్‌లో ఎంబీబీఎస్‌కు సరిపడా ర్యాంకు రాలేదు. బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) సీటు ఇస్తామని విశాఖ వైపు ఒక కాలేజీ, చెన్నైలో ఒక కాలేజీ అంటున్నాయి. విశాఖ కాలేజీకి సొంత ఆసుపత్రి లేదు, మూడు ప్రైవేటు ఆసుపత్రులతో ఒప్పందం ఉందట. చెన్నై కాలేజీకి సొంత ఆసుపత్రి ఉంది. సిలబస్ చూస్తే రెండూ ఒకటే. పైగా ఈ డిగ్రీతో అమెరికా వెళ్లిపోవచ్చని మీ బావమరిది అంటున్నారు.

మాది పర్లాకిమిడి. గుండె ఆపరేషన్ల విభాగంలో పీఏగా చేరాను, ఇప్పుడు ఐసీయూలో ఉన్నాను. ఏటా వేర్వేరు కాలేజీల నుంచి పోస్టింగ్‌కు, అంటే ఆసుపత్రి శిక్షణకు, వచ్చే పిల్లలు నా చేతి కిందకే వస్తారు. ఒకే సిలబస్ చదివి వచ్చినవాళ్లలో ఒకరు రోగిని చూసి పది నిమిషాల్లో కేసు చక్కగా ఒప్పజెబుతారు, ఇంకొకరికి బీపీ కఫ్ ఏ సైజుది కట్టాలో తెలియదు. ఆ తేడా తెలివితేటలది కాదు. వాళ్లు తిరిగిన వార్డులది. అందుకే సిలబస్ ఒకటే అన్న మాటతో ఎటూ తేలదు. ఈ చదువుకు అసలు కాలేజీ ఆసుపత్రే.

ముందు ఉద్యోగం గురించి రెండు మాటలు, ఎందుకంటే దీని మీద మన వైపు చాలా అపోహలున్నాయి. పీఏ రోగి దగ్గర కూర్చుని జబ్బు వివరాలు రాబడతాడు, పరీక్ష చేస్తాడు, కేస్ షీట్ రాస్తాడు, రౌండ్స్‌లో డాక్టరుకు ఒప్పజెబుతాడు, రిపోర్టుల వెంటపడతాడు, ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) సర్జన్‌కు సాయంగా నిలబడతాడు, డిశ్చార్జ్ సమ్మరీ తయారుచేస్తాడు, ఇంటికెళ్లే ముందు మందులు ఎలా వేసుకోవాలో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెబుతాడు. బైపాస్ ఆపరేషన్‌లో కాలి నుంచి సిర తీసే పని చాలాచోట్ల పీఏలే చేస్తారు. అయితే అన్నీ డాక్టరు పర్యవేక్షణలోనే. సొంతంగా మందులు రాయడం లేదు, సొంత క్లినిక్ లేదు, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడం లేదు. నాలుగేళ్లు చదివి వస్తే గుణుపురంలోనే బోర్డు పెట్టేయొచ్చని ఏ ఏజెంటయినా చెబితే, ఆ మనిషి నంబరు ఫోన్లోంచి తీసేయండి.

మన దేశంలో ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైంది, గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో. పుట్టింది కార్డియాక్ సర్జరీలో కాబట్టి ఇప్పటికీ మంచి ఉద్యోగాలు ఎక్కువగా గుండె, ఐసీయూ, పెద్ద సర్జరీ విభాగాల్లోనే దొరుకుతాయి. కాలేజీ పోస్టింగుల్లో ఈ విభాగాలు బలంగా ఉన్నాయా లేదా అన్నది అందుకే ముఖ్యం. చట్టం సంగతి: 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూల్‌లో ఈ వృత్తి ఉంది, ఫిజీషియన్ అసోసియేట్ అన్న పేరు కూడా అక్కడ కనిపిస్తుంది. ఆ చట్టం ప్రకారం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు ఉండాలి. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏది, సర్టిఫికెట్ మీద కోర్సు పేరు అచ్చంగా ఎలా ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్ర కౌన్సిల్‌లో, ఈ మూడూ కాలేజీవాళ్లను రాతలో అడగండి. ఆన్‌లైన్‌లోనో, దూరవిద్యలోనో పీఏ డిగ్రీ ఇస్తామంటే అక్కడితో ఆపేయండి. రోగిని ముట్టుకోకుండా వచ్చే పీఏ డిగ్రీని ఏం చేసుకుంటాం?

ఇక అసలు విషయం, పోస్టింగులు.

కాలేజీకి వెళ్లినప్పుడు బ్రోషర్‌లోని జాబితా కాకుండా, ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతున్న బ్యాచ్ రొటేషన్ షీటు అడగండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ ఆసుపత్రిలో, ఏ విభాగంలో, ఎంతమంది, ఎవరి కింద. ఈ అయిదూ ఉన్న కాగితం నిజంగా పోస్టింగులు నడిపే కాలేజీలో ఎక్కడో ఒకచోట గోడకు అతికించే ఉంటుంది. "తయారుచేసి పంపిస్తాం" అన్నారంటే అది లేదనే లెక్క. జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, పిల్లల వార్డు, గైనిక్, క్యాజువాలిటీ, ఐసీయూ, ఈ ఆరూ తప్పకుండా ఉండాలి. ఆర్థో, కార్డియాలజీ, నెఫ్రాలజీ, సైకియాట్రీ ఉంటే ఇంకా మంచిది. ఒక్కో పెద్ద విభాగంలో కనీసం నాలుగు వారాలుండాలి. రెండు వారాలైతే సిస్టర్ల పేర్లు తెలిసేసరికే అయిపోతుంది.

కాగితం చేతికొచ్చాక లెక్క వేయండి. మేస్టారు కదా, ఇది మీకు చేతిలో పని. ఉదాహరణకు ఒక ఆసుపత్రిలో రోజుకు ఎనిమిది పెద్ద ఆపరేషన్లు జరుగుతాయనుకుందాం. సర్జరీ పోస్టింగ్‌లో పది మంది పీఏ పిల్లలున్నారు. టేబుల్ దగ్గర చేతులు కడుక్కుని గౌన్ వేసుకుని నిలబడే చోటు, సర్జనూ అసిస్టెంటూ పోగా, ఒక్కరికి. అదే చోటు కోసం పీజీ డాక్టర్లున్నారు, ఓటీ టెక్నాలజీ పిల్లలున్నారు, నర్సింగ్ పిల్లలున్నారు. మీ అమ్మాయి వంతు వారానికి ఎన్నిసార్లు వస్తుంది? అందరూ గోడవారన నిలబడి మానిటర్ చూసే ఓటీ పోస్టింగ్‌ను కూడా రొటేషన్ షీటులో "సర్జరీ, ఆరు వారాలు" అనే రాస్తారు. అందుకే మంచాల సంఖ్య అడిగి ఊరుకోకండి. మంచాలు ఎన్ని నిండుతున్నాయో, ఆ రోగులను ఎంతమంది విద్యార్థులు పంచుకుంటున్నారో అడగండి. ఇది ఎవరూ చెప్పరు, వెళ్లి చూడాలి. సోమవారమో మంగళవారమో పొద్దున్నే ఓపీ మొదలయ్యే వేళకు వెళ్లి, మామూలు రోగి బంధువుల్లా రెండు మూడు గంటలు బెంచీ మీద కూర్చోండి. ఏప్రన్లు వేసుకున్న పిల్లలు ఎక్కడున్నారు? రోగి పక్కనా, క్యాంటీన్‌లోనా?

రెండోది లాగ్‌బుక్, పోస్టింగుల్లో విద్యార్థి చేసిన పనులు రాసి డాక్టరు సంతకం తీసుకునే పుస్తకం. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న విద్యార్థిని బతిమాలి అయినా ఒక లాగ్‌బుక్ చూడండి. చూసింది, సాయం చేసింది, పర్యవేక్షణలో స్వయంగా చేసింది, ఈ మూడూ విడివిడిగా రాసే పద్ధతి ఉందా? కాన్యులా పెట్టడం, యూరిన్ క్యాథెటర్, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), ఏబీజీకి (ధమని రక్తంలో వాయువుల పరీక్షకు) రక్తం తీయడం, ఈసీజీ తీసి చదవడం, కుట్లు వేయడం, డ్రెస్సింగ్, సీపీఆర్, వీటికి చివరి గడిలో అంకెలు ఉన్నాయా? సంతకాలు వేర్వేరు డాక్టర్లవా, లేక నెలరోజుల కేసులకూ ఒకే పెన్నుతో ఒకే పూట పెట్టినవా? ఆ రెండో రకం లాగ్‌బుక్కులు నా టేబుల్ మీదకు ప్రతి ఏడాదీ వస్తాయి. ఆ పిల్లలను తప్పుపట్టలేం. సంతకం పెట్టాల్సిన మనిషి వార్డులో కనపడకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

నేర్పేది ఎవరన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కాలేజీలో అధ్యాపకులుగా పీఏలు ఉన్నారా అని అడగండి. ఫిజియాలజీ, ఫార్మకాలజీ ఎవరైనా చెప్పగలరు. ఓటీలో ఎక్కడ నిలబడాలి, రౌండ్స్‌లో ఏది ముందు చెప్పాలి, డాక్టరు మాటతో మనం ఏకీభవించనప్పుడు ఎలా చెప్పాలి, ఏ పని మనది కాదు, ఇవి ఆ ఉద్యోగం చేసినవాళ్లే నేర్పాలి. పోస్టింగ్ చివర పరీక్ష ఉందా అన్నదీ తెలుసుకోండి. రోగి ముందు నిలబెట్టి, ఆ విద్యార్థి జబ్బు చరిత్ర ఎలా అడుగుతుందో, చెయ్యి ఎక్కడ పెడుతుందో చూసి మార్కులు వేసే పరీక్ష. అది లేని చోట హాజరు పట్టీయే చదువు అవుతుంది.

ఆసుపత్రి రకాన్ని బట్టి ఒక్కో బాధ ఉంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో కేసులకు కొదవ ఉండదు. మన బరంపురం ఎంకేసీజీనో, విశాఖ కేజీహెచ్‌నో చూశారుగా, వరండాలో కూడా మంచాలే. కాని హౌస్ సర్జన్లు, పీజీలు అయ్యాక గానీ పీఏ విద్యార్థి చేతికి సూది రాదు. పీజీలు లేని కార్పొరేట్ ఆసుపత్రిలో చేతికి పని వస్తుంది, నేర్పే కన్సల్టెంట్ దొరికితే బంగారం. దొరక్కపోతే ఏడాదంతా డిశ్చార్జ్ సమ్మరీలు టైపు చేస్తూ, ఇన్సూరెన్స్ అప్రూవల్ కాగితాలు, ఎన్టీఆర్ వైద్య సేవ ఫైళ్లు మోస్తూ గడిచిపోతుంది. మూడో రకం ఉంది, నలభై యాభై మంచాల నర్సింగ్ హోమ్. రాత్రిపూట డ్యూటీ డాక్టరు లేకుండా పీఏ ఇంటర్న్‌ను కూర్చోబెట్టి "ఏమైనా ఉంటే ఫోన్ చెయ్" అని వెళ్లిపోతారు. పిల్లలకు అది గొప్పగా ఉంటుంది, చాలా నేర్చుకున్నామంటారు. నా మటుకు నేను నా పిల్లల్ని అలాంటిచోట ఉంచను. రోగికి ఏదైనా జరిగితే ఆ రాత్రి కేస్ షీటులో చేతిరాత ఎవరిదో వాళ్లే దొరుకుతారు.

నైట్ డ్యూటీలు అసలు లేకపోయినా నష్టమే. గుండెపోట్లు, యాక్సిడెంట్లు, పాముకాట్లు, విషం తాగిన కేసులు ఎక్కువగా వేళకాని వేళే వస్తాయి. రాత్రి పోస్టింగ్ ఉండాలి, పక్కన డాక్టరు ఉండాలి, హాస్టల్ నుంచి ఆసుపత్రికి బండి ఉండాలి. ఆడపిల్ల కాబట్టి ఈ మూడోది సిగ్గుపడకుండా అడగండి. హాస్టల్ వార్డెన్‌ను కాదు, హాస్టల్లో ఉండే పిల్లల్ని.

ఇప్పుడు మీ రెండు కాలేజీలు. సొంత ఆసుపత్రి ఉండటం చెన్నై వైపు పెద్ద బలం. ఒప్పందాల మీద నడిచే కాలేజీలో ఆ ఒప్పందం ఏటా మారొచ్చు. మీ అమ్మాయి చేరేటప్పుడు ఉన్న ఆసుపత్రి, మూడో ఏడుకు ఉండకపోవచ్చు. విశాఖవాళ్లను ఒప్పంద పత్రం చూపించమనండి. ఎప్పటిదాకా ఉంది, ఎంతమందికి, ఏ విభాగాల్లో, ఇంటర్న్‌షిప్ కూడా అందులో ఉందా? చాలాచోట్ల మూడేళ్లు అయ్యాక "ఇంటర్న్‌షిప్ మీరే చూసుకోండి, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తాం" అంటారు. అంటే ఏడాది క్లినికల్ శిక్షణ బాధ్యతను కాలేజీ వదిలేసుకుంది, ఫీజు మాత్రం వదల్లేదు. అమెరికాలో పీఏ కోర్సులకు గుర్తింపునిచ్చే ఏఆర్‌సీ-పీఏ అనే సంస్థ నియమాల్లో, విద్యార్థులే ఆసుపత్రినో నేర్పే డాక్టర్నో వెతుక్కోవాలని కాలేజీ షరతు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. మన దగ్గర ఆ మాట అడిగే తల్లిదండ్రులు తక్కువ. మీరు అడగండి.

చెన్నైకి ఉన్న ఇబ్బంది భాష. దీన్ని ఎవరూ పట్టించుకోరు గాని, పీఏ పనిలో సగం రోగి చేత మాట్లాడించడమే. ఎప్పుడు మొదలైంది, ఎటు పాకింది, ముందు ఏం మందు వాడారు, ఇవన్నీ వార్డులో తమిళంలో అడగాలి. తమిళం రాని పిల్లలు మెల్లగా రోగిని వదిలి ఫైల్లోని రిపోర్టులు చూసి కేసు రాయడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు తర్వాత వదలదు. మొదటి ఏడాదే పట్టుబట్టి నేర్చుకునే పిల్లయితే భయం లేదు. మన సరిహద్దు పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బజారులో రెండూ కలిపి మాట్లాడుతూ పెరుగుతారు కాబట్టి మూడో భాష అంత బరువనిపించదు.

విశాఖలో దీనికి తలకిందులైన సమస్య. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల నుంచి రోగులు అక్కడికే వెళతారు. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన విద్యార్థిని కనిపించగానే ప్రతి విభాగం వాళ్లూ పిలుస్తారు, మాట తర్జుమా చెయ్యమని. కొన్నాళ్లు బాగుంటుంది. తర్వాత చూస్తే తోటి పిల్లలు కుట్లు వేస్తుంటే మీ అమ్మాయి కౌంటర్ దగ్గర ఎస్టిమేట్ వివరిస్తుంటుంది. సవరవాళ్లో కుయి మాట్లాడే గిరిజనులో వస్తే మరీను. రెండు భాషలు వచ్చిన పీఏకు ఉద్యోగం తొందరగా వస్తుంది, అది నిజమే. కాని ఆ భాషను తన కేసు తాను తీసుకోవడానికి వాడుకోవాలని ముందే చెప్పి పంపండి.

కేసుల విషయంలో మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మలేరియా, సికిల్ సెల్, టీబీ, రక్తహీనతతో కాన్పుకు వచ్చే తల్లులు, అటు ఉద్దానంలో కిడ్నీ జబ్బు, ఇవి మన దగ్గర రోజూ కనిపించేవి. నగరపు కార్పొరేట్ ఆసుపత్రిలో మాత్రమే తిరిగిన విద్యార్థి యాంజియో గురించి అనర్గళంగా చెబుతాడు, సికిల్ సెల్ నొప్పితో వచ్చిన పిల్లవాణ్ని చూసి తడబడతాడు. ఏ కాలేజీ అయినా ఒక్క పోస్టింగ్ ప్రభుత్వ లేదా గ్రామీణ ఆసుపత్రిలో వేస్తుంటే దానికి నేను మార్కులు ఎక్కువ వేస్తాను. దరఖాస్తుకు ముందు మీ అమ్మాయికి కూడా ఇది ఒకసారి చూపించండి. మీ రాయగడ జిల్లాలోనే బిస్సంకటక్‌లో 1954 నుంచి నడుస్తున్న క్రిస్టియన్ హాస్పిటల్ ఉంది, రాయగడలో జిల్లా ఆసుపత్రి ఉంది. తెలిసినవాళ్ల ద్వారా అనుమతి అడిగి, నాలుగు రోజులు ఓపీలో ఓ పక్కన నిలబడనివ్వండి. చీము, వాంతి, ఏడుపు చూశాక కూడా వెళతానంటే పంపండి. వద్దంటే లక్షలు మిగులుతాయి, అమ్మాయికి ఏళ్లు మిగులుతాయి.

పాత విద్యార్థుల్ని అడగాల్సింది జీతం కాదు, ఐడీ కార్డు మీద హోదా ఏమని రాసి ఉందో అది. ఫిజీషియన్ అసిస్టెంట్ అనే ఉందా, క్లినికల్ కోఆర్డినేటరో, వార్డ్ సెక్రటరీయో అని ఉందా? మొదటి బ్యాచ్‌లో పదిమంది ఎక్కడున్నారో కాలేజీ చెప్పలేకపోతే ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీని నమ్మకండి.

మీ బావమరిది గారి మాట. అమెరికాలో పీఏగా పనిచేయాలంటే పీఏఎన్‌సీఈ అనే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఏఆర్‌సీ-పీఏ గుర్తింపు ఉన్న కోర్సు చదివి ఉండాలి. మన బీఎస్సీ దానికి సరిపోదు. అంటే అక్కడికెళ్లి మళ్లీ మాస్టర్స్ చదవాలి, సాధారణంగా 27 నెలలు, అందులో 2,000 గంటలకు పైగా క్లినికల్ రొటేషన్లే. ఎప్పుడో ఆ దారి పట్టినా చూడాల్సినవి ఇవే: గుర్తింపు సక్రమంగా ఉందా, ప్రొబేషన్‌లో ఉందా, తొలిసారి రాసినవాళ్లలో పరీక్ష పాసైంది ఎందరు, మధ్యలో మానేసింది ఎందరు. ఈ లెక్కలు అక్కడి కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి, అది మాత్రం మనకు లేని సుఖం. బ్రిటన్ కూడా ఇప్పుడు అంత తేలిక కాదు. అక్కడ 2024 డిసెంబరులో ఈ వృత్తి డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ కిందకు వచ్చింది, 2025 జులైలో వచ్చిన లెంగ్ సమీక్ష (ప్రభుత్వం వేయించినది) పీఏల పని పరిధిని కుదించమనే చెప్పింది. విదేశం మాట పక్కన పెట్టి, ఇక్కడ పనికొస్తుందా అన్న లెక్కతోనే చేర్చండి.

డబ్బు దగ్గర మూడు జాగ్రత్తలు. ఒడిశాలో చదివిన పిల్ల ఆంధ్రలో నాన్‌లోకల్ అవుతుంది, ఒడిశా కుల ధ్రువపత్రం అక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు. కాబట్టి వాళ్లు చెప్పిన ఫీజు ఏ కోటాదో రాయించుకోండి. ఇంటర్న్‌షిప్ ఏడాదికి ఫీజు ఉందా, స్టైపెండ్ ఉందా, నోటిమాట కాకుండా కాగితం మీద కావాలనండి. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకుంటామంటే ఒప్పుకోకండి. చూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ నిబంధనే ఉంది.

సీట్లు అయిపోతున్నాయి, ఈ రోజే అడ్వాన్స్ కట్టండి అని రెండుచోట్ల నుంచీ ఫోన్లు వస్తూనే ఉంటాయి, రానివ్వండి. మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు చెన్నై వైపే, అమ్మాయి తమిళం నేర్చుకుంటానంటే. విశాఖవాళ్లు నాలుగేళ్లకూ సరిపడే ఒప్పంద పత్రం, ఇంటర్న్‌షిప్ హామీ చూపిస్తే మాత్రం ఇంటికి దగ్గర, భాష మనది, నేను మళ్లీ ఆలోచిస్తాను. రెండుచోట్లా మూడో ఏడాది రొటేషన్ షీటు ఫొటో తీసుకుని, పిల్లల పేర్లు చెరిపేసి పంపండి. ఏ పోస్టింగ్ నిజమైనదో, ఏది కాగితం మీదదో చూసి చెబుతాను.